మాగ్మా లైవ్ 1975: రెండు డిస్కుల పూనకం

ఫ్రెంచి రాక్ బ్యాండ్ మాగ్మా గురించి ఎవరైనా చెప్పడం మొదలుపెడితే ముందు వేరే గ్రహం గురించి చెబుతారు, ఆ గ్రహానికో సొంత భాష ఉందంటారు, నల్ల బట్టలు, మెడలో వేలాడే లోగో బిళ్ళ గురించి చెబుతారు, అక్కడికే వినేవాడికి సగం ఆసక్తి చచ్చిపోతుంది. అసలు సంగీతం సంగతి చివర్లో, అదీ టైముంటే వస్తుంది. నాకైతే ఈ బ్యాండ్‌ని ఎవరికైనా పరిచయం చేయాలంటే కథేమీ చెప్పకుండా 1975లో వచ్చిన వాళ్ళ లైవ్ డబుల్ ఆల్బమ్ పెట్టేయడమే మంచిదనిపిస్తుంది. కొందరు దాన్ని ఉత్త 'లైవ్' అంటారు, కొందరు 'హాయ్' అని అందులో ఉన్న పాట పేరుతో పిలుస్తారు. రెండూ ఒకటే, రెండుసార్లు కొనేయకండి.

ఇది 1975 జూన్ మొదటి వారంలో పారిస్‌లో, తవెర్న్ ద లొలింపియా అనే హాల్లో వరసగా కొన్ని రాత్రులు వాయించినప్పుడు రికార్డు చేసింది. ప్రొడ్యూసర్ జార్జియో గొమెల్‌స్కీ. ఈయన పేరు బ్రిటిష్ రాక్ తెలిసినవాళ్ళకి కొత్త కాదు, లండన్ పక్కన రిచ్‌మండ్‌లో క్రాడాడీ క్లబ్ నడిపి రోలింగ్ స్టోన్స్‌కి తొలి రోజుల్లో వేదిక ఇచ్చింది ఈయనే, తర్వాత యార్డ్‌బర్డ్స్‌ని నడిపించిందీ ఈయనే. అలాంటి మనిషి ఫ్రాన్స్ వచ్చి, రేడియోలో మూడు నిమిషాలు కూడా వేయడానికి పనికిరాని బ్యాండ్ వెనక ఎందుకు నిలబడ్డాడో ఈ రెండు డిస్కులు వింటే అర్థమవుతుంది.

బ్యాండ్ చరిత్ర కొంచెం చెప్పక తప్పదు, ఎందుకంటే ఇక్కడ అంతా ఒక్క మనిషి చుట్టూ తిరుగుతుంది. క్రిస్టియాన్ వాండర్, 1948లో పుట్టాడు, డ్రమ్మర్. జాజ్ మనుషుల మధ్య పెరిగాడు, మొదటి డ్రమ్ సెట్ ట్రంపెట్ వాద్యకారుడు చెట్ బేకర్ ఇచ్చాడని చెబుతారు. అతనికి దేవుడంటే జాజ్ శాక్సొఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్. 1967లో కోల్ట్రేన్ నలభై ఏళ్ళకే చనిపోయేసరికి ఈ కుర్రాడు విరిగిపోయి ఇటలీ వెళ్ళిపోయాడు, అక్కడ కొన్నాళ్ళు ఎలాగో బతికి 1969లో పారిస్ తిరిగొచ్చాడు, వచ్చిన ఏడాదే మాగ్మా మొదలుపెట్టాడు. నన్నడిగితే మాగ్మాని అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క ముక్క చాలు. గురువు పోయిన శిష్యుడు గురువు బాణీని కాపీ కొట్టకుండా, ఆ తీవ్రత మాత్రం తీసుకుని ఇంకో దారిలో పడ్డాడు. కోల్ట్రేన్ ఏమో రవిశంకర్ మీద గౌరవంతో కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్న మనిషి, ఒకటి రెండు స్వరాల చుట్టూ అరగంట తిరిగినా అలసిపోని మనిషి. ఆ పట్టుదలే ఇక్కడా వినిపిస్తుంది, కాకపోతే శాక్సొఫోన్ బదులు మనుషుల గొంతులతో.

మొదటి ఆల్బమ్ 1970లో వచ్చింది, అదీ డబుల్ ఆల్బమే. కొత్త బ్యాండు, మొదటి రికార్డు, రెండు ఎల్‌పీలు, పైగా తాము కనిపెట్టిన భాషలో. ఈ రోజుల్లో ఏ కంపెనీ అయినా గేటు దగ్గరే ఆపేస్తుంది. భూమి పాడైపోయిందని కొందరు వదిలేసి కొబాయా అనే గ్రహానికి వెళ్ళి స్థిరపడతారు, తర్వాత భూమివాళ్ళతో గొడవ వస్తుంది, అదీ కథ. పాటలు కొబాయన్ భాషలో. ఫ్రెంచిలో తను అనుకున్న బలం పలకదని వాండర్ అభిప్రాయం, దాంతో జర్మన్‌లాగా, స్లావ్ భాషల్లాగా వినిపించే మాటలు తనే పుట్టించుకున్నాడు. అక్షరాల మీద చుక్కలు, కొమ్ములు ఎన్నుంటాయో చెప్పలేను, ఆల్బమ్ పేర్లు వెతకాలంటే కీబోర్డుతో యుద్ధమే. ఆ జర్మన్ ధ్వని, ఆ నల్ల బట్టలు చూసి అప్పట్లో ఫ్రాన్స్‌లో కొందరు ఇందులో ఫాసిజం వాసనుందని కూడా అన్నారు. నాకు మాత్రం వినిపించింది చర్చి కోరస్, జర్మన్ స్వరకర్త కార్ల్ ఓర్ఫ్ మార్కు దద్దరిల్లే బృందగానం, దాని కింద జాజ్ డ్రమ్స్.

1971లో రెండో ఆల్బమ్ వచ్చాక బ్యాండు చీలింది. జాజ్ వైపు మొగ్గు ఉన్న యోష్కో సెఫెర్, ఫ్రాన్స్వా కాన్ బయటికెళ్ళి జావో అనే బ్యాండు పెట్టుకున్నారు, అది కూడా వినదగ్గదే. వాళ్ళు పోయాక వాండర్ బ్రాస్ (ట్రంపెట్ లాంటి ఊదే వాయిద్యాలు) తగ్గించి, గొంతులు పెంచి, 1973లో 'మెకానిక్ డెస్ట్రుక్తివ్ కొమ్మాందో' తెచ్చాడు. ఇక్కణ్ణుంచి అభిమానుల్లాగే ఎండీకే అంటాను, ఆ పేరు మళ్ళీ టైపు చేసే ఓపిక నాకు లేదు. మాగ్మా అంటే ఏంటో ప్రపంచానికి తెలిసింది దీంతోనే. చాలామంది కొత్తవాళ్ళకి కూడా దీన్నే ముందు వినమంటారు. నేను ఇక్కడే విభేదిస్తాను. ఎండీకే గొప్పదే, కానీ ముప్పై తొమ్మిది నిమిషాలు తలుపు సందు కూడా ఇవ్వదు, మొదటి నిమిషంలోనే కోరస్ మీద పడుతుంది, అలవాటు లేనివాడు పారిపోతాడు. లైవ్ ఆల్బమ్ అలా కాదు, మనిషిని కూర్చోబెట్టి, అలవాటు చేసి, అప్పుడు కొడుతుంది.

మొదటి డిస్కులో ఎక్కువ భాగం 'కోన్‌తార్క్'కే పోతుంది. రెండు భాగాలు, కలిపి ముప్పై రెండు నిమిషాలు. 1974లో 'కోన్‌తార్కోజ్' పేరుతో స్టూడియోలో చేసిందే ఇది, ఇక్కడ పేరు కత్తిరించారు. ఒకతను ఈజిప్టు ఫరో ఎమెంతెత్-రే సమాధిలోకి అడుగుపెడితే ఆ ఫరో జ్ఞానమంతా ఒక్క మెరుపులో కళ్ళముందు కనపడడం, అదీ కథ. తెలియకపోయినా నష్టం లేదు, నాకు చాలాకాలం తెలియదు. స్టూడియో రికార్డు నాకు కొంచెం పొడిగా, మూసేసిన గదిలో వాయించినట్టుగా అనిపించేది. లైవ్‌లో అదే స్వరం, అదే వరస, అయినా ఊపిరుంది. మొదట్లో బరువైన స్వరాల గుత్తులు (కార్డ్స్) తడబడుతూ పడతాయి, ఆగి, మళ్ళీ పడతాయి, ఎక్కడ పడతాయో లెక్క అందదు. తర్వాత అంతా సద్దుమణిగి ఇద్దరు కీబోర్డు వాళ్ళు, బెన్వా విడ్‌మాన్, జాన్ పోల్ ఆస్‌లిన్, ఎలక్ట్రిక్ పియానోల మీద చిన్న చిన్న ముక్కలు అల్లుతుంటే పైన క్లాస్ బ్లాస్కిజ్, స్టెల్లా వాండర్ గొంతులు నిదానంగా కదులుతాయి. ఇక్కడ చాలామందికి బోర్ కొడుతుంది. నిజం చెప్పాలంటే మొదటి భాగం మధ్యలో నాకూ ఇప్పటికీ రెండు మూడు నిమిషాలు ఎక్కువే అనిపిస్తుంది, కత్తెర వేసుంటే బాగుండేది.

అయితే ఆ ఓపికకి ఫలితం రెండో భాగంలో వస్తుంది. భజనలో ఒకే పాదం పట్టుకుని, ముందు మెల్లగా, తర్వాత చప్పట్లతో, చివరికి తాళాలు పగిలేంత వేగంగా తీసుకెళ్తారు చూడండి, అదే పద్ధతి. పాట మారదు, వేగం మారుతుంది, అదీ మనకి తెలియకుండా మారుతుంది. వాండర్ డ్రమ్స్ మాత్రమే పట్టుకుని ఒకసారి వినండి. సింబల్ మీద చెయ్యి ఆగకుండా నడుస్తుంటుంది, జాజ్ పద్ధతిలోనే, కానీ కాలితో కొట్టే పెద్ద డ్రమ్ దానికి అడ్డంగా వేరే లెక్క చెబుతుంటుంది, ఎడమ చేయి ఆ రెండిటి మధ్య పంచాయితీ చేస్తుంటుంది. వేగం పెరిగేకొద్దీ అతను ఇంకా ఎక్కువ దెబ్బలు ఇరికిస్తాడు తప్ప తగ్గించడు. రాక్ డ్రమ్మర్లు సాధారణంగా వేగం పెరిగితే సరళంగా వాయిస్తారు, ఇతను తిరగేసి చేశాడు. నిలబడ్డ బృందం మొత్తం అతని వెనకాలే పరుగు.

బేస్ సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే మాగ్మాలో బేస్ గిటార్ అంటే పక్క వాయిద్యం కాదు, సగం బండి లాగేది అదే. 1973, 74ల్లో ఆ పని జానిక్ టాప్ చేశాడు. చెల్లో నేర్చుకున్న మనిషి కాబట్టి బేస్‌ని కూడా చెల్లో పద్ధతిలో శ్రుతి చేసుకునేవాడు, అందుకే అతని కింది తీగ మామూలు బేస్ కంటే లోతుగా ఉరుముతుంది. ఈ లైవ్ నాటికి అతను లేడు, బెర్నార్ పగనోట్టి వచ్చాడు. టాప్ లేని మాగ్మా ఏం మాగ్మా అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. టాప్ బరువు, పగనోట్టి కదలిక. పగనోట్టి తీగల్ని రంపంలా కోస్తూ వాయిస్తాడు, ఫజ్ (తీగ ధ్వనిని గరగరలాడించే ఎఫెక్ట్) ఎక్కువ, గుర్రుమంటూ డ్రమ్స్‌ని వెంటాడతాడు. ఈ సెటప్‌కి అతనే సరిపోయాడు. తర్వాత అతను పెట్టిన వైదోర్జే అనే బ్యాండు ఒకే ఒక్క ఆల్బమ్ చేసింది, 1978లో, దొరికితే వదలకండి.

రెండో డిస్కులో పాటలు చిన్నవి. 'హాయ్' నాకు ఈ మొత్తంలో అత్యంత ఇష్టమైంది. వాండర్ డ్రమ్స్ వెనక నుంచే సన్నగా, ఎక్కడో పై స్థాయిలో, పిల్లాడి గొంతుతో పాడతాడు, ఇంత గంభీరమైన మనిషి ఇంత బలహీనమైన గొంతు బయటపెడతాడని అనుకోం. తర్వాత పాట నిదానంగా తెరుచుకుంటుంది. విచిత్రమేమిటంటే ఇలా 1975లోనే స్టేజీ మీద వాయించిన ఈ పాట దాని అసలు కథలో కూర్చున్నది 2009లో, 'ఎమెంతెత్-రే' అనే స్టూడియో ఆల్బమ్‌లో. ఆ ఫరో కథ మొత్తం మూడు ఆల్బమ్‌లు: ముందు జరిగిన భాగం 2004లో వచ్చింది, మధ్య భాగం 1974లో, చివరిది 2009లో. మనవాళ్ళ సీక్వెల్, ప్రీక్వెల్ గోల అంతా ఈయన ముందే చూసేశాడు.

'కోబా' మొదటి ఆల్బమ్‌లోని పాటకే కొత్త రూపం, బ్యాండు ఐదేళ్ళలో ఎంత మారిందో తెలియాలంటే రెండూ పక్కపక్కన వినండి. 'లీన్స్' చల్లగా వెళ్ళిపోతుంది, పెద్దగా చెప్పేదేం లేదు, ఊపిరి తీసుకోవడానికి పెట్టినట్టుంది. ఎందుకంటే తర్వాత వచ్చేది ఎండీకేలోంచి తీసుకున్న భాగం, దాని తోక పట్టుకుని పంతొమ్మిది నిమిషాల 'మెకానిక్ జైన్'.

ఇక్కడే దిదియే లాక్‌వుడ్ ఉన్నాడు. అప్పటికి అతనికి పంతొమ్మిదేళ్ళు, వయొలిన్. తర్వాత ఫ్రాన్స్‌లో జాజ్ వయొలిన్ అంటే ఇతని పేరే చెప్పుకునే స్థాయికి వెళ్ళాడు, 2018లో పోయాడు. 'జైన్'లో అతని సోలో వింటే మర్యాదగా మొదలై, కింద బేస్, డ్రమ్స్ ఒకే చక్రం తిప్పుతుంటే, దాని మీద ఎక్కి ఎక్కి, ఇక పైకి చోటు లేదనుకున్నాక ఇంకో మెట్టు ఎక్కుతాడు. వెనక వాండర్ ఊరుకోడు, కుర్రాణ్ణి తరుముతూనే ఉంటాడు. పూనకం అని నేను పైన రాసింది దీని గురించే. ఇది కారులో పెడితే మా బావ కాసేపు విని "ఇది ఏ భాషరా, జర్మనా?" అన్నాడు. "కాదు బావా, ఏ దేశం భాషా కాదు, వాళ్ళే కనిపెట్టుకున్నారు" అన్నాను. "మరి ఇంత సీరియస్‌గా ఎవరికి చెబుతున్నార్రా?" అన్నాడు. జవాబు లేదు నా దగ్గర. అయితే 'జైన్' సగానికి వచ్చేసరికి బండి వంద దాటింది, తోలుతున్నది బావే, నేనే చెప్పి తగ్గించాల్సొచ్చింది. డ్రైవింగ్‌లో ఇది పెట్టకండి, సీరియస్‌గా చెబుతున్నా.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. గాబ్రియెల్ ఫెదెరో గిటార్ పాపం చాలాచోట్ల ఉందో లేదో తెలియదు, రెండు కీబోర్డులు, బేస్ ఫజ్ మధ్య నలిగిపోయింది. కోరస్ స్టూడియోలోలాగా నిండుగా ఉండదు, ఎండీకేలో ఆడవాళ్ళ గొంతులు గోడలా నిలబడితే ఇక్కడ ప్రధానంగా బ్లాస్కిజ్, స్టెల్లా ఇద్దరే భారం మోస్తారు. స్టెల్లా గురించి ఒక చిన్న సంగతి, ఈవిడ అరవైల్లో టీనేజీలోనే ఫ్రెంచి పాప్ పాటలు పాడిన పిల్ల, ఆ రోజుల పాప్ ఫ్యాషన్‌ని వెక్కిరిస్తూ పాడేది. అక్కణ్ణుంచి ఇక్కడికి రావడం చిన్న ప్రయాణం కాదు. మాగ్మా ఇన్నేళ్ళు నిలబడిందంటే వాండర్ ఎంత కారణమో ఆవిడ అంత కారణమని నా నమ్మకం. 1986లో సెవెంత్ రికార్డ్స్ అని సొంత లేబుల్ పెట్టుకుని పాత ఆల్బమ్‌లన్నీ అందుబాటులో ఉంచారు, దానికి ఆవిడ చాకిరీ చాలా ఉంది.

కొనేవాళ్ళకి: సీడీ చాలు. పాత ఎల్‌పీ మోజు ఉంటే మీ ఇష్టం, కానీ 'కోన్‌తార్క్' సగంలో లేచి పక్క తిప్పాలి, ఆ పాటకి అది అన్యాయం. స్ట్రీమింగ్‌లో వింటే షఫుల్ ఆపేయండి, రెండు భాగాల మధ్య గ్యాప్ రాకుండా సెట్టింగ్ ఉంటే పెట్టుకోండి. చిన్న బ్లూటూత్ స్పీకర్‌లో అసలు వద్దు, బేస్ అంతా ముద్దయిపోయి డ్రమ్స్ మాత్రం టకటకమంటాయి, ఎవరో పక్కింట్లో మేకులు కొడుతున్నారనుకుంటారు. హెడ్‌ఫోన్స్ మంచివి ఉంటే అవి, లేకపోతే ఇంట్లో ఎవరూ లేనప్పుడు పెద్ద స్పీకర్లు. మొదటిసారి వినేవాళ్ళు రెండో డిస్కుతో మొదలుపెట్టండి, 'హాయ్' నుంచి చివరిదాకా, అది ఎక్కితే అప్పుడు 'కోన్‌తార్క్'కి రండి. వరస తప్పింది అని స్వచ్ఛమైన అభిమానులు తిడతారు, తిట్టనివ్వండి.

ఎవరికి నచ్చదో కూడా చెప్పాలి. పల్లవి, చరణం, హుక్ కావాలనుకునేవాళ్ళకి ఇందులో పట్టుకోవడానికి ఏమీ లేదు. పింక్ ఫ్లాయిడ్ విన్నాం కాబట్టి ఇదీ అలాగే ఉంటుందనుకుంటే పొరపాటు, అక్కడ తేలతాం, ఇక్కడ ఈడ్చుకెళ్తారు. హాస్యం కూడా వెతక్కండి, వీళ్ళు నవ్వరు. కానీ మృదంగం, డప్పు, తీన్‌మార్, ఏదైనా సరే తాళం అంటే చెవి కోసుకునే మనిషైతే భాష గురించి ఆలోచించే టైమే ఉండదు.

ఈ బ్యాండు ప్రభావం ఎక్కడెక్కడికో పోయింది. వీళ్ళ మూలంగా 'జ్యూల్' అని ఒక సంగీత శాఖకే పేరు పడింది. జపాన్‌లో తత్సుయా యోషిదా అనే డ్రమ్మర్ రూయిన్స్, కోయెంజి హ్యాక్కేయ్ అని బ్యాండులు పెట్టి, తనూ సొంత భాష కనిపెట్టుకుని, ఇంకా రెట్టింపు వేగంతో వాయించాడు. ఇంగ్లండ్‌లో స్నూకర్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఆరుసార్లు గెలిచిన స్టీవ్ డేవిస్ వీళ్ళకి ఎంత పిచ్చి అభిమాని అంటే, 1988లో తన సొంత పూనికతో లండన్‌లో వీళ్ళ కచేరీలు పెట్టించాడు. టీవీలో ముఖంలో ఒక్క కదలిక లేకుండా బంతులు పడేసే మనిషి ఇంటికెళ్ళి ఇది వినేవాడంటే నాకు భలే ఆనందం.

మధ్యలో ఎనభైల నడుమ బ్యాండు దాదాపు ఆగిపోయింది, వాండర్ ఆఫరింగ్ అనే ఇంకో బృందంతో కోల్ట్రేన్ దగ్గరికే మళ్ళీ వెళ్ళాడు, 1996లో మాగ్మా తిరిగి లేచింది. అప్పట్నుంచి వచ్చినవి ముసలివాళ్ళు పాత పాటలు తిరగేసుకునే రకం కాదు. 2004 నాటి 'కె.ఎ.' అయితే డెబ్బైల ఆల్బమ్‌లకి ఏ మాత్రం తీసిపోదు. 2019 నాటి 'జెస్' ప్రాగ్ ఆర్కెస్ట్రాతో చేశారు, అందులో వాండర్ పాడాడు తప్ప డ్రమ్స్ స్వీడన్ వాద్యకారుడు మోర్గాన్ ఆగ్రెన్‌కి అప్పగించాడు. ఆ ఒక్క కారణానికే నాకది పూర్తిగా ఎక్కలేదు, ఎంత బాగా వాయించినా చెవి ఆ పాత చేతినే వెతుక్కుంటుంది. 2022లో 'కార్తెల్' వచ్చేటప్పటికి ఆయనకి డెబ్బై నాలుగు.

లైవ్ నచ్చిందా, అయితే తర్వాత ఎండీకే, ఆ తర్వాత 'కె.ఎ.'. జానిక్ టాప్ బేస్ ఎలా ఉంటుందో చూడాలనుంటే 1976 నాటి 'ఉదు వుదు'లో 'దె ఫుతురా', పద్దెనిమిది నిమిషాలు. దాన్ని మాత్రం రాత్రి పది దాటాక అపార్ట్‌మెంట్‌లో స్పీకర్ల మీద పెట్టకండి, కింది ఫ్లాట్ వాళ్ళు మెట్లెక్కి వస్తారు, అది పాట అని చెప్పినా నమ్మరు.